తాగేది మా ఆయన

9 జూన్, సోమవారం

నిద్రపోయాను. అంతే. మైక్రోస్కోపు ముందు కుర్చీలో తల వాల్చి కాసేపు నిద్రపోయాను. డాక్టరు బీపీ మాత్ర మార్చాడు. ఎండ మండిపోతోంది. ల్యాబ్‌లో ఏసీ ఉన్నా లేనట్టే. కోడూరు నుంచి రొయ్యల చెరువు నీళ్లు పరీక్షకి తెచ్చిన రైతు ఎవడో, లేపితే పోయేదానికి లేపకుండా ఫొటో తీశాడు. నోరు తెరుచుకుని ఉంది. పమిట ఎక్కడో ఉంది. మధ్యాహ్నానికల్లా ఆ ఫొటో దివిసీమ రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపులో తిరిగింది. కింద ఎవరో రాశారు: "మన రొయ్యల కన్నా ముందే మేడమ్ గారు తేలిపోయారు." దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

సాయంత్రం ల్యాబ్ ఓనరు ప్రసాద్ తన గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. ఏమనుకున్నాడో, మళ్లీ తీసి పెట్టాడు.

"నేనేమీ అడగను మేడమ్. ఓ నెల సెలవు పెట్టండి. ఎక్కడికన్నా వెళ్లి బాగుచేసుకుని రండి."

"ఏం బాగుచేసుకోవాలి?"

"మీకు తెలుసు కదండీ."

"బీపీ అండీ నాకు."

"సరే. బీపీయే బాగుచేసుకుని రండి."

రొయ్యపిల్లల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో చూడడం వాడికి నేర్పింది నేను.

10 జూన్

బీపీ వల్ల కృపాకుమారి సెలవు పెట్టిందని మా ఆయన చర్చిలో అప్పుడే చెప్పేశారట. నేను ఆయనతో ఏమీ చెప్పకముందే. అంటే ఫొటో ఆయన దాకా వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. భోజనం దగ్గర పెరుగు ఆయనే వడ్డించారు.

శామ్యూల్ రాజ్ గారంటే బందరులో మంచిపేరు. కాలేజీలో లైబ్రేరియన్, చర్చికి సెక్రటరీ. కాఫీ కూడా ముట్టరు. నా హ్యాండ్‌బ్యాగులో యాలకులు అయిపోతే ఆయనే నింపి పెడతారు. ఎందుకని నేను అడగను. ఎందుకో ఆయన చెప్పరు.

12 జూన్

శాంతి పొద్దున్నే ఫోన్ చేసింది, విజయవాడ హాస్టల్ నుంచి. సాయంత్రం చెయ్యొచ్చుగా, తీరిగ్గా మాట్లాడుకోవచ్చు అన్నాను.

"వద్దులే మమ్మీ. పొద్దున్నయితే నువ్వు బావుంటావు."

బావుండడం ఏమిటి? అడగలేదు. ఇంటర్ చదివే పిల్లకి ఎంత పొగరు!

15 జూన్

చర్చికి వెళ్లలేదు. ఇంకేం లేదు.

17 జూన్

నాకు అంత లేదు. ముందు ఆ మాట రాసుకోవాలి. పొద్దున పూట ఎప్పుడూ తాగలేదు. ఆ సోమవారం ఒక్కటే. అది కూడా చెయ్యి వణికి స్లైడు నిలవడం లేదని. పని కోసం.

కానీ ప్రసాద్‌కి ఏదో ఒకటి చేశానని చెప్పాలి. ఫోనులో వెతికాను. విజయవాడలో ఆసుపత్రులున్నాయి, ఎత్తుగోడలవి. బందరులో ఒకటుంది కానీ ఆ వీధి నిండా మా చర్చివాళ్లే. చివరికి గుడివాడలో ఒకటి దొరికింది. 'మిత్రమండలి. తాగుడు మానాలనుకునేవారు ప్రతి శనివారం సాయంత్రం కలుసుకునే చోటు. ఎవరి పేరూ బయటపెట్టం.' కింద నంబరు.

పెద్దాయన గొంతు. "నమస్కారమండీ, వెంకటసుబ్రహ్మణ్యాన్ని మాట్లాడుతున్నాను." పెట్టేశాను. కాసేపటికి మళ్లీ చేశాను.

"చెప్పండమ్మా, భయపడకండి. ఎవరి గురించి? మీవారా, అబ్బాయా?"

రెండే అడిగాడు. మూడోది ఆ పెద్దమనిషి బుర్రకి తట్టలేదు.

"మావారండీ" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోట్లోంచి.

21 జూన్, శనివారం

గుడివాడ వెళ్లాను. స్నేహితురాలి ఇంటికని చెబితే మా ఆయన ఏ స్నేహితురాలని అడగలేదు.

బస్టాండుకి కాస్త దూరంలో ఓ ట్యుటోరియల్ సెంటరు మేడ మీద. మెట్లెక్కుతుంటే పైన మగవాళ్ల నవ్వులు వినబడ్డాయి. తాగుడు మానినవాళ్లకి అంత నవ్వేముందో! నేను గుమ్మంలో కనబడగానే ఆ నవ్వులు ఆగిపోయాయి. బల్లల మీద కూర్చున్న మగవాళ్లంతా చొక్కాలు సర్దుకున్నారు. ఒకడు లేచి, "ఆడోళ్లు ఆ గదమ్మా" అని వేలు చూపించాడు. నేను నోరు తెరవనే లేదు.

ఆ గదిలో భార్యలు. వాళ్లకి పెద్ద జానకమ్మ గారు, వెంకటసుబ్రహ్మణ్యం గారి ఇల్లాలు. జరీ అంచు నేత చీర, చేతిలో తాంబూలం పళ్లెంలా పట్టుకున్న బిస్కెట్ల ప్లేటు. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నారు. "వచ్చావుగా తల్లీ. సగం భారం దిగినట్టే" అన్నారు. ఏ భారం? ఆవిడ చేతులు విదిలించుకోవాలనిపించింది.

ఒక్కొక్కరే చెప్పుకున్నారు. సీసా మీద పెన్నుతో గీత పెట్టుకోవడం, ఎవరూ చూడకుండా నీళ్లు కలపడం, చొక్కా జేబులు వాసన చూడడం, ఇంటికొచ్చినవాళ్లకి జ్వరమని చెప్పడం. ఒకావిడ, "మాట్లాడేప్పుడు మొహం చూడను అక్కా, పాదాలు చూస్తాను. పాదాలు తిన్నగా పడితే ఆ రోజుకి అన్నం తినొచ్చు" అంది. అందరూ తలలూపారు.

ఎంత నీచం! కట్టుకున్నవాడి మీద పోలీసుల్లా నిఘా పెడతారు, మళ్లీ కళ్లు తుడుచుకుంటారు. వీళ్ల మొహాలు చూసే తాగుతుంటారు వాళ్లు.

ఇంటికొచ్చాక గమనించాను. గేటు తీసి లోపలికి నడుస్తుంటే మా ఆయన వసారాలో కూర్చుని పేపరు చదువుతున్నారు. పేపరు పైనుంచి నా పాదాలే చూస్తున్నారు.

22 జూన్

సీసాలో మందు పల్చగా ఉంది. ఎప్పటినుంచి?

28 జూన్

ఈసారి నన్ను చెప్పమన్నారు. వద్దనుకుంటూనే మొదలుపెట్టాను.

మా ఆయన బియ్యం డ్రమ్ములో దాస్తారని చెప్పాను. హెల్మెట్ తియ్యకుండా, మొహానికి మాస్కుతో పెడన దాకా వెళ్లి కొనుక్కొస్తారని చెప్పాను, బందరులో ఎవరన్నా చూస్తారని. మొదట్లో తలనొప్పికనీ, తర్వాత నిద్రకనీ, ఇప్పుడు ఎందుకో కూడా చెప్పుకోరనీ. పొద్దున లేవగానే నిన్నేం మాట్లాడానా అని ఇంట్లో అందరి మొహాలూ చూస్తారనీ, ఆ భయం పోవడానికి మళ్లీ సాయంత్రం కోసం చూస్తారనీ చెప్పాను. ఎక్కడా తడుముకోలేదు. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. చివరికి వచ్చేసరికి ఏడుస్తున్నాను. జానకమ్మ గారు నా తల తన భుజం మీద పెట్టుకున్నారు. "ఆయన మనసులోకి దూరి చూసినట్టు చెప్పావమ్మా. అంత ప్రేమ ఉండబట్టే" అన్నారు.

మా ఆయన పేరు, వూరు, ఏ చర్చో అన్నీ చెప్పేశాను. పేర్లు బయటపెట్టరుగా.

ఒళ్లంతా తేలిగ్గా ఉంది. అందుకని పెడనలో దిగాను.

5 జూలై

నెలకోసారి రెండు గదులవాళ్లూ కలిసి కూర్చుంటారట. మగవాళ్లు చెబుతారు, ఆడవాళ్లు వింటారు. లోకంలో ఉన్న పద్ధతే.

సూరయ్య అని, హంసలదీవి దగ్గర పల్లె, సముద్రం మీద వేటకి వెళ్తాడట. లేచి నిలబడి చెప్పాడు.

"తుపానొస్తంది, ఊరు కాళీ చెయ్యండని మైకులో చెప్తన్నారండి. నేనేమో పాకలో మత్తులో పడున్నా. లెగమంటే లెగను. మా ఆడది ఏం చేసిందనుకున్నారు? నన్ను వలలో చుట్టి ట్రాట్టరెక్కిచ్చింది. తుపాను షెల్టర్లో దింపేతలికి ఊరంతా ఆడే ఉంది. సూరయ్య వల్లో పడ్డాడర్రోయ్ అని ఒకటే గోల. ఆ రోజు నేను చేపనండి బాబూ!"

గది గదంతా నవ్వింది. చప్పట్లు కొట్టారు. వెంకటసుబ్రహ్మణ్యం గారు లేచి వాణ్ని కౌగిలించుకున్నారు. వాడి పెళ్లాం భార్యల వరసలో కూర్చుని, సిగ్గూ గర్వమూ కలిసి నవ్వుతోంది.

నాకు నవ్వు రాలేదు. మగవాడు చెబితే అది సాక్ష్యం. చప్పట్లు, కౌగిలింత, టీ. నన్ను వలలో చుట్టి ట్రాక్టరు ఎక్కించి ఉంటే? షెల్టరులో నన్ను చూసి నవ్వేవాళ్లా, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకునేవాళ్లా?

ఇక వెళ్లను. వీళ్ల దగ్గర నాకు పనికొచ్చేది ఏమీ లేదు.

10 జూలై

వెంకటసుబ్రహ్మణ్యం గారు ఫోన్ చేశారు. "మీవారిని ఓసారి మేం వచ్చి కలుస్తామమ్మా. తాగినవాడి మాట తాగినవాడే వింటాడు" అన్నారు. వద్దన్నాను. ఆయన మంచివారు కాదు, మీ మీద చెయ్యి చేసుకుంటారు అన్నాను. దేవుడు నన్ను క్షమించుగాక. చీమని కూడా ఊదేసి నడిచే మనిషి.

13 జూలై, ఆదివారం

చెయ్యి చేసుకుంటారంటే ఆగుతారనుకున్నాను. అందుకే వచ్చారు.

చర్చి నుంచి వచ్చి భోజనాలు చేసి కూర్చున్నాం. గేటు చప్పుడైంది. వెంకటసుబ్రహ్మణ్యం గారు, వెనకాల సంచీలో పీతలు పట్టుకుని సూరయ్య. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను.

మా ఆయన కుర్చీలు వేశారు. ఎవరో చర్చి పని మీద వచ్చారనుకున్నారు.

"బాబూ, మేం గుడివాడ నుంచి. మీ ఇల్లాలు కొన్నాళ్లుగా మా దగ్గరకొస్తున్నారు" అని మొదలుపెట్టారు పెద్దాయన. "ఆవిణ్ని ఏమీ అనకండి. మీ మేలు కోరే వచ్చారు. ఇందులో సిగ్గుపడ్డానికి ఏమీ లేదు. మున్సిపల్ ఆఫీసులో గుమాస్తాగా ఉండగా నేను డ్రాయరులో సీసా పెట్టుకుని పని చేసినవాణ్ని."

"అన్నా, అమ్మని కొట్టమాకన్నా" అన్నాడు సూరయ్య. "కావాలంటే నన్ను కొట్టు, పడతా."

మా ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. లెక్క వేసుకుంటున్నట్టు ఉంది. అంతా అర్థమైపోయింది ఆయనకి. నేను నోరు తెరుద్దామనుకునేలోపే తల వంచుకున్నారు.

"అవునండీ" అన్నారు. "అలవాటుంది. మా కృప చాలా పడింది నా వల్ల."

వాళ్లిద్దరికీ కళ్లనీళ్లు తిరిగాయి. శనివారం వస్తానని మాట తీసుకుని, పీతలు ఇచ్చి వెళ్లిపోయారు.

"ఎందుకలా చెప్పారు?" అన్నాను.

"ఇంకేం చెప్పమంటావు? తాగేది నేను కాదండీ, మా ఆవిడ అనమంటావా?"

"అనొచ్చుగా."

"మగాడు తాగాడంటే నాలుగు రోజులు చెప్పుకుని ఊరుకుంటారు. ఆడది తాగిందంటే? శాంతి మొహం ఎక్కడ పెట్టుకుంటది? నీ కోసమే కృపా. నేను మోస్తాలే."

నేను మోస్తాలే! సిలువ ఎత్తుకున్నట్టు. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే పుట్టినంత కోపం నాకు ఎప్పుడూ ఎవరి మీదా పుట్టలేదు. ఎందుకో తెలియదు. ఆ అబద్ధం మొదలుపెట్టింది నేనే కదా.

పీతలు ఆయనే వండారు.

19 జూలై, శనివారం

అంతా రాయాలి. మళ్లీ నేనే మార్చేసుకుంటాను లేకపోతే.

ఇద్దరం బస్సులో వెళ్లాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బయల్దేరేముందు నా నీళ్ల సీసా నేను నింపుకున్నాను. స్టీలు సీసా. అందులో నీళ్లు కాదు.

కొత్తగా వచ్చినవాడు మాట్లాడే రోజున ఇంటివాళ్లు కూడా పక్కనే ఉండాలట. జానకమ్మ గారు నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి నా చెయ్యి పట్టుకున్నారు. మా ఆయన లేచారు. చర్చిలో ప్రకటనలు చదివే గొంతుతోనే మొదలుపెట్టారు.

"పోయిన మార్చిలో మా అమ్మగారు ప్రభువునందు నిద్రించారండీ. భూస్థాపన రోజు నేను తాగి ఉన్నాను. సమాధుల తోటలో పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. పైకే నవ్వాను, అందరూ కళ్లు తెరిచి చూశారు. తర్వాత మట్టి వెయ్యమన్నారు. వంగి, తూలి, గుంటలో పెట్టె మీద పడ్డాను. నలుగురు దిగి పైకి లాగారు. నా చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. దాంతోనే పూడ్చేశారండీ. మా అమ్మ దగ్గర ఇప్పటికీ ఆ చెప్పు ఉంది."



ఆ రోజు నాకు వడదెబ్బ తగిలిందని చెప్పారు ఆయన. ఎండకి సొమ్మసిల్లానని. లేచేసరికి మంచం మీద ఉన్నాను. మంచం కింద ఒక్క చెప్పే ఉంది. రెండోది ఏదీ అంటే కాలవలో పడిపోయిందన్నారు. మర్నాడు కొత్త జత తెచ్చారు. బావున్నాయని కూడా అన్నాను. అదే జత ఇవాళ నా కాళ్లకి ఉంది.

అత్తగారి పెట్టె మీద పడింది నేను. ఊరందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు. ఇప్పుడు దాన్ని కూడా తనదని ఎత్తుకుని, వీళ్ల ముందు కన్నీళ్లు పెట్టుకుంటున్నారు.

లేచాను. జానకమ్మ గారి చెయ్యి విదిలించాను.

"అబద్ధం. పడింది నేను. తాగేది నేను. ఈయన జన్మలో ముట్టలేదు."

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. వెంకటసుబ్రహ్మణ్యం గారు రెండు చేతులూ జోడించారు. "చూశావా బాబూ! నీ పరువు కాపాడ్డానికి నిందంతా తన నెత్తినేసుకుంటోంది. ఇలాంటి ఇల్లాలు దొరకడం పూర్వజన్మ సుకృతం" అన్నారు. చప్పట్లు కొట్టారు! వెనకనుంచి ఎవరో "తల్లీ, నీకు దణ్ణం" అన్నారు.

మా ఆయన తల వంచుకుని నిలబడ్డారు. కాదనలేదు.

"చెవులున్నాయా మీకు?" అని అరిచాను. బ్యాగులోంచి సీసా తీసి, మూత తిప్పి, సూరయ్య చేతిలో పెట్టాను. "చూడు. బయల్దేరేముందు నింపుకున్నాను. సగం బస్సులోనే అయిపోయింది. ఈయన పక్కన కూర్చునే."

సూరయ్య ముక్కు దగ్గర పెట్టుకుని, కాలినట్టు చెయ్యి దూరం జరిపాడు. "మందేనండి" అన్నాడు, గొంతు తగ్గించి.

అప్పుడు అందరూ నా మొహం చూశారు. సరిగ్గా నేను అనుకున్న చూపే.

"అయ్యో అమ్మా" అన్నారు జానకమ్మ గారు. "నా భుజం మీద అంత ఏడ్చావు. ఇంట్లో బాధలన్నీ చెప్పావు. అదంతా ఉత్తదేనా?"

"అంతా నిజమేనండీ. మనిషే వేరు."

వెనక బల్ల మీంచి ఒకడు లేచాడు. "ఆడోళ్లు మా మధ్యన కూకుంటే మేవెట్టా మాట్టాడతావండీ? మర్యాదగా ఉంటదా?" అన్నాడు. ఇంకొకడు అవునన్నాడు. ఆడవాళ్ల గదిలోనే ఉంచమని ఒకరు, ఆ గదిలోకి ఎట్లా రానిస్తామని ఆడవాళ్లు. నేను అక్కడ లేనట్టే వాదించుకున్నారు.

వెంకటసుబ్రహ్మణ్యం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. సూరయ్య ఇంకా సీసా చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"నేను ఫోన్లో అడిగానమ్మా, మీవారా అబ్బాయా అని" అన్నారు చివరికి. "మీరా అని అడగలేదు. తప్పు నాది." వెనక్కి తిరిగి, "కుర్చీ వెయ్యండ్రా" అన్నారు.

వేశారు. అందరి బల్లలకీ కాస్త ఎడంగా.

23 జూలై

పెద్దాయన ఒక్కసారిగా మానొద్దన్నారు, డాక్టరుకి చూపించుకోమన్నారు. వెళ్లాను. డాక్టరు మాత్రలు రాశాడు. "మీకా?" అని మూడుసార్లు అడిగాడు. చేతులు వణుకుతున్నాయి, అక్షరాలు చూస్తేనే తెలుస్తుంది.

మా ఆయన ఆ రోజు నుంచి నాతో మాట్లాడలేదు. ఇవాళ అన్నారు: "నీ కోసం నా పరువు పణంగా పెట్టాను. నలుగురిలో విసిరి కొట్టావు."

24 జూలై

తాగాను. రాయకూడదనుకున్నాను.

26 జూలై, శనివారం

మాత్రలు వేసుకునే వెళ్లాను. బస్టాండుకి బయల్దేరితే మా ఆయన చెప్పులేసుకుని వెనకే వచ్చారు. నేను రమ్మనలేదు. గుడివాడ దాకా వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

మేడ మీదకి వెళ్లాక నేను మగవాళ్ల గదిలోకి నడిచాను. ఆయన గుమ్మంలో కాసేపు నిలబడ్డారు. తర్వాత పక్క గదిలోకి, భార్యల మధ్యకి వెళ్లి కూర్చున్నారు.

గురువారం తాగానని చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక బల్లవాడు గోడకేసి చూస్తున్నాడు. సూరయ్య మాత్రం "బేస్తవారం నాక్కూడా మా చెడ్డ రోజండి" అన్నాడు. ఓదార్పు అనుకోవాలి కాబోలు.

రెండు గదులకీ మధ్య ఉన్నది అట్ట గోడ. మేం మౌనంగా కూర్చున్న సమయంలో అవతల నుంచి మా ఆయన గొంతు వినబడింది. ప్రకటనలు చదివే గొంతు కాదు. ఎప్పుడూ వినని గొంతు.

"నాకు మా ఆవిణ్ని చూస్తే అసహ్యమండీ. ఈ మాట ఎవరితోనూ అనలేదు. దేవుడితో కూడా అనలేదు. సాయంత్రం గేటు చప్పుడైతే పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాను. పడుకున్నాక ఊపిరి ఆడుతోందా లేదా అని వెళ్లి చూస్తాను. కొన్నిసార్లు ఆడకపోతే బావుణ్ణు అనుకున్నానండీ. మళ్లీ పొద్దున్నే లేచి టీ పెట్టి ఇస్తాను."

ఆడవాళ్లలో ఎవరో వెక్కారు. ఇవతల మగవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. ఆ మాటలు నాకు వినబడకుండా సూరయ్య గట్టిగా దగ్గడం మొదలుపెట్టాడు.

"ఊరుకో. విననివ్వు" అన్నాను.

చివరిదాకా విన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఖాళీగా ఉంది. అయినా వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాను.

"అసహ్యమా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. "విన్నావా?"

"అట్ట గోడ."

కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. గుడ్లవల్లేరు వస్తుండగా ఇటు తిరిగారు. "అవును. అసహ్యమే" అన్నారు.

"అయితే మార్చిలోనే అనాల్సింది. కొత్త చెప్పులు కొనడం దేనికి?"

"అంటే మానేసేదానివా?"

"మానకపోదును. కానీ నాకు తెలిసేది! నా మందులో నీళ్లు కలపడం, నా అబద్ధాలన్నీ నా కన్నా ముందే ఆడెయ్యడం..."

"నీ కోసం కాదా అది?"

"చర్చి సెక్రటరీ గారి కోసం!"

"నా తల్లి పెట్టె మీద పడ్డావే నువ్వు!" అని అరిచారు. శామ్యూల్ రాజ్ గారు, బస్సులో, అందరూ వినేలా. "నా తల్లి మీద! నవ్వావే!"

"చెప్పండి! ఇంకా చెప్పండి!"

చెప్పారు. నేనూ చెప్పాను. పెడన దాటినా ఆగలేదు. ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి కూర్చుని చూశారు. కండక్టరు వచ్చి, "మాస్టారూ, కాస్త మెల్లగా. లేడీస్ ఉన్నారు" అన్నాడు.

"ఉంటే విననీవయ్యా" అన్నారు మా ఆయన.

బందరు బస్టాండులో దిగేసరికి ఇద్దరికీ గొంతులు పోయాయి. ఆయన చెమటతో తడిసిపోయారు. ఇస్త్రీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

"ఇంకా ఉంది" అన్నారు, బొంగురు గొంతుతో.

"నడవండి. చెబుదురుగాని" అన్నాను.